పెరటి దుంప, పరాయి పిండి

పెరటి చెట్టు మందుకు రాదని మన పెద్దలు సామెత చెప్పిరి. ఆ సామెతకు ఉదాహరణము కావలసినవారు సేలం, నామక్కల్, ధర్మపురి జిల్లాలలో ఒక దినము బస్సులో తిరిగిన చాలును. బాటకు ఇరువైపుల, విప్పిన అరచేతులవంటి ఆకులతో, మనిషి యెత్తున పెరిగిన కర్రపెండలపు తోటలు కానవచ్చును. ఆ దుంప బండ్లకెక్కి మిల్లులకు పోవును. అక్కడ సగ్గుబియ్యముగాను, స్టార్చిగాను మారి దూరదేశములకు తరలిపోవును. ఆ తోటల నడుమ నివసించు మనమో, అంగడికి పోయి మైదాపిండి పొట్లము కొని తెచ్చుకొందుము. పండుగకు మైదా, పుట్టినరోజు కేకునకు మైదా, సాయంకాలపు పరోటాకు మైదా. ఇందువలన పెద్ద నష్టమేమని అడుగువారుందురు. గోధుమ పడనివారికి ఇది చిన్న నష్టము కాదు. వారిని గూర్చి, వారికి ఈ పెరటి దుంప చేయగల మేలును గూర్చి నాలుగు మాటలు చెప్పుట ఈ వ్యాసపు ఉద్దేశము.

ముందుగా పేరు సంగతి. తమిళులు దీనిని మరవళ్ళిక్కిళంగు అందురు. సేలం వైపున కుచ్చిక్కిళంగు అనియు వాడుక. కన్నడమున మరగెణసు, మలయాళమున కప్ప. మన పిల్లలు అంగడిలో మరవళ్ళి అని అడిగి కొని తెత్తురు గాని, తెలుగు పుస్తకములో కర్రపెండలము అను మాట కనబడగానే అది యేదో కొత్త వస్తువైనట్లు చూతురు. నేను ఉపాధ్యాయ శిక్షణ పొందినది ఆంధ్రరాష్ట్రమున. ఆ రాష్ట్రమున సామర్లకోట, పెద్దాపురము ప్రాంతములందు ఈ పంట విరివిగా కలదు, సగ్గుబియ్యపు మిల్లులును కలవు. అక్కడ ఎవరి నోట విన్నను కర్రపెండలమే. చెట్టు కర్రను జానెడు ముక్కలుగా కోసి నాటుదురు. ఆ ముక్కయే మొలచి, దాని వేళ్ళే ఊరి దుంపలగును. తినుచున్న వస్తువునకు తన భాషలో పేరు తెలియకుండుట విద్యార్థికి తగినది కాదు.

ఇక గోధుమ పడకపోవుట యనగా నేమి? గోధుమపిండిని నీటితో కలిపి పిసికిన కొలది సాగును. ఆ సాగుడుకు కారణము గ్లూటెన్ అను మాంసకృత్తు. చపాతీ చిరగకుండ పలుచగా వత్తుటకును, రొట్టె పొంగి మెత్తగా నిలుచుటకును అదియే ఆధారము. బార్లీ, రై అను ధాన్యములందును ఇట్టి మాంసకృత్తులే కలవు. అధిక సంఖ్యాకులకు దీనివలన కీడు లేదు. కాని కొందరి దేహము దీనిని శత్రువుగా భావించి, ఆ పోరాటములో తన చిన్నప్రేగు లోపలి పొరనే దెబ్బతీసికొనును. ఆ పొర చెడినపుడు తిన్న యన్నము ఒంటబట్టదు. విరేచనములు, కడుపుబ్బరము, ఎంత మందు వాడినను తగ్గని రక్తహీనత, పిల్లలలో ఎదుగుదల నిలిచిపోవుట దీని లక్షణములు. దీనిని సీలియాక్ వ్యాధి యందురు. ప్రపంచమున సుమారు నూటికి ఒకరికి ఇది కలదని వైద్యుల అంచనా. మన దేశమున గోధుమ ముఖ్యాహారమైన ఉత్తర ప్రాంతములందు ఎక్కువగాను, అన్నము తిను దక్షిణమున తక్కువగాను కానవచ్చుచున్నది.

ఈ వ్యాధికి గోధుమ కారణమని రుజువైన విధము విద్యార్థులు తెలిసికొనదగినది. నెదర్లాండ్సు దేశమున విల్లెం డికే అను శిశువైద్యుడుండెను. గోధుమమీద ఆయనకు ముందే అనుమానము కలదు. 1944-45 శీతకాలమున యుద్ధమువలన ఆ దేశమున ఘోరమైన కరవు వచ్చి, రొట్టె దొరకుట కరవయ్యెను. ఊరంతయు చిక్కిపోవుచుండగా ఈ రోగపు పిల్లలు మాత్రము కోలుకొనిరి. యుద్ధము ముగిసి రొట్టె తిరిగి వచ్చినంతనే వారి రోగమును తిరిగి వచ్చెను. ఈ విషయమును నిశితముగా పరిశీలించి ఆయన 1950లో తన పరిశోధన గ్రంథమును సమర్పించెను. నేటికిని ఈ వ్యాధికి చికిత్స యొక్కటే: జీవితాంతము గ్లూటెన్ లేని ఆహారము తినుట. కొంచెము తిన్న నేమగునను మాట ఇచ్చట చెల్లదు.

ఇచ్చట తల్లిదండ్రులకు రెండు హెచ్చరికలు చేయవలసియున్నది. మొదటిది, ఈనాడు గ్లూటెన్ లేని తిండి ఒక వేడుకగా మారినది. ఆరోగ్యవంతులును గోధుమను విషముగా భావించి మానుచున్నారు. అందుకు కారణము లేదు. గోధుమ పడినవానికి అది మంచి ఆహారమే. రెండవది, బిడ్డకు ఈ వ్యాధి యున్నదని అనుమానము కలిగినచో గోధుమను వెంటనే మాన్పింపరాదు. ముందు వైద్యునికి చూపి రక్తపరీక్ష చేయింపవలెను. పరీక్షకు ముందే గోధుమ మాన్పించినచో రక్తములోని గుర్తులు మాసిపోయి, ఉన్న రోగము లేనట్లు తేలును. ఒక బిడ్డకు వ్యాధి నిర్ధారణమైనచో తోబుట్టువులకును పరీక్ష చేయించుట మేలు. ఇది కుటుంబములలో నడచు వ్యాధి.

ఇట్టివారికి కర్రపెండలము ఏ విధముగా తోడ్పడును? ఇది ధాన్యము కాదు, దుంప. దీనియందు గ్లూటెన్ స్వభావసిద్ధముగానే లేదు. దీని పుట్టిల్లు దక్షిణ అమెరికా. అక్కడి ఆదివాసులు వేల యేండ్లకు పూర్వమే దీనిని సాగు చేసి రొట్టెలు కాల్చుకొనిరి. పోర్చుగీసువారు దీనిని ఆఫ్రికాకును, పిదప మన దేశపు పడమటి తీరమునకును చేర్చిరి. 1880 మొదలు 1885 వరకు తిరువాన్కూరును పాలించిన విశాఖం తిరునాళ్ మహారాజు కరవునకు విరుగుడుగా దీని సాగును ప్రోత్సహించెను. 1942లో బర్మా బియ్యము నిలిచిపోయినపుడు మలయాళదేశమున ఎన్నో కుటుంబములను బ్రతికించినది ఈ దుంపయే. ఆ యుద్ధకాలముననే సింగపూరు వైపునుండి సగ్గుబియ్యపు దిగుమతి ఆగిపోగా, సేలమున ఆ పరిశ్రమ తలయెత్తెను. సేలం సగ్గుబియ్యమునకు 2023లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఇంత చరిత్ర గల దుంపకు మన వంటయింట మాత్రము స్థానము దొరకలేదు. ఉపవాసదినమున సగ్గుబియ్యపు పాయసముతో మన పరిచయము ముగియుచున్నది.

సగ్గుబియ్యము, స్టార్చి, పిండి యనునవి మూడును ఒకటి కావు. దుంపను తురిమి నీటితో కడిగి, ఆ పాలను తేర్చగా అడుగున నిలుచునది స్టార్చి. ఆ తడి స్టార్చిని గుడ్డలో ఊపి గుండ్రని పూసలుగా చేసి, పెనముపై వేయించి యెండబెట్టినది సగ్గుబియ్యము. దుంప తోలు తీసి, మొత్తముగా ఎండబెట్టి విసరినది పిండి. పిండిలో పీచు మిగులును, స్టార్చిలో మిగులదు. రొట్టెకు, కేకునకు ముఖ్యముగా కావలసినది పిండి. వంటపుస్తకములో పిండి యని యుండగా స్టార్చి వాడినచో పదార్థము రబ్బరువలె సాగును.

మరియొక అపోహను ఇచ్చటనే తొలగింపవలెను. మైదా కర్రపెండలమునుండి వచ్చునని పెక్కుమంది నమ్ముచున్నారు. అది సత్యము కాదు. అంగడిలోని మైదా గోధుమ గింజ పైపొట్టు తీసి మెత్తగా విసరిన పిండియే. సీలియాక్ వ్యాధి గల బిడ్డకు, ఇది దుంపపిండియే కదాయని మైదా పెట్టిన తల్లి తెలియకయే కీడు చేసినదగును. రెండును తెల్లనివే, ఒకటి ఆ బిడ్డకు అన్నము, రెండవది రోగము.

కర్రపెండలమునకు నేను వకాల్తా పుచ్చుకొనినను దాని దోషమును దాచుట న్యాయము కాదు. ఈ దుంపలో లినమారిన్ అను పదార్థము కలదు. దుంపను కోసినపుడు అది విడివడి హైడ్రోసయానిక్ ఆమ్లమను విషవాయువును వెడలించును. తీపి రకములలో ఇది స్వల్పము, చేదు రకములలో అధికము. కండలోకంటె తోలులో ఎక్కువ. ఆఫ్రికాలో కరవు దినములందు చేదు దుంపను సరిగా నానబెట్టక, నెలల తరబడి అదే తిన్నవారికి కాళ్ళు చచ్చుబడు కొంజో యను వ్యాధి వచ్చినది. ఈ మాట విని భయపడవలసిన పని లేదు; పద్ధతి తెలిసిన చాలును. పచ్చి దుంపను ఎన్నడును తినరాదు. మిల్లుకు పోవు రకమును గాక, రైతును అడిగి వంటరకమునే తీసికొనవలెను. పై బెరడుతో పాటు దాని క్రింది మందపు తోలును పూర్తిగా తీసివేయవలెను. ఉడికించునపుడు మూత వేయక, నీరు ఎక్కువ పోసి ఉడికించి, ఆ నీటిని పారబోయవలెను.

ఇంట పిండి చేయువారు తోలు తీసిన దుంపను తురిమి, కొన్ని గంటలు అట్లే ఉంచి, గుడ్డలో వేసి గట్టిగా పిండి, మంచి యెండలో పలుచగా పరచి, పెళపెళ విరుగునట్లు ఎండనిచ్చి విసరవలెను. దుంప త్రవ్విన రెండు మూడు దినములకే లోపల నల్లబడును గావున ఆలస్యము పనికిరాదు. పిండి చేసిన పిదప కూడ మిగిలిన విషమును తగ్గించుటకు ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు సులభమైన ఉపాయము కనిపెట్టిరి. పిండిని గిన్నెలో పోసి దాని మట్టమును గుర్తు పెట్టుకొని, నీరు చేర్చి కలుపవలెను. తొలుత మట్టము తగ్గును. తిరిగి ఆ గుర్తునకు వచ్చువరకు నీరు చేర్చవలెను. ఆ తడిపిండిని సెంటీమీటరుకు మించని మందమున పరచి రెండు గంటలు ఎండలో గాని, అయిదు గంటలు నీడలో గాని ఉంచినచో వాయువు వెడలిపోవును. పిమ్మట ఆ దినముననే వండుకొనవలెను. కొని తెచ్చు పిండికి అంతర్జాతీయ ప్రమాణము కిలోకు 10 మిల్లీగ్రాములకు మించని విషము. విశ్వాసపాత్రమైన చోటనే కొనుట మంచిది.

ఇప్పుడు వంట. గ్లూటెన్ లేని పిండి గోధుమవలె ప్రవర్తింపదు. చన్నీటితో కలిపి వత్తినచో అంచులు పగులును. వేడినీరు పోసినపుడు ఇందలి పిండిపదార్థము ఉబ్బి జిగురు పుట్టును. ఆ జిగురే గ్లూటెన్ చేయవలసిన పనిలో కొంత చేయును. కావున రొట్టెకు కర్రపెండలపు పిండి మూడు పాళ్ళు, సెనగపిండి ఒక పాలు తీసికొని, ఉప్పు, కొబ్బరితురుము, పచ్చిమిరప, కరివేపాకు చేర్చి, మరుగు నీరు కొంచెము కొంచెముగా పోయుచు గరిటెతో కలిపి, పావుగంట మూసియుంచవలెను. పిమ్మట నూనె రాచిన అరటియాకుపై చేతితో తట్టి, ఆకుతో సహా పెనముపై బోర్లించి, ఆకు వాడిన పిదప తీసివేసి ఇరువైపుల కాల్చవలెను. బియ్యపుపిండి రొట్టె తట్టుట తెలిసిన చేతులకు ఇది కొత్త విద్య కాదు.

కేకు సంగతి వేరు. దానికి సాగుడు అంతగా అవసరము లేదు గావున ఈ పిండి చక్కగా ఒదుగును. కర్రపెండలపు పిండి 150 గ్రాములు, బియ్యపుపిండి 50 గ్రాములు, బెల్లపుపొడి 150 గ్రాములు, వెన్న 100 గ్రాములు, గ్రుడ్లు మూడు, పాలు 100 మిల్లీలీటర్లు, బేకింగు పౌడరు రెండు చిన్న చెంచాలు, ఏలకుల పొడి కొంచెము. వెన్న, బెల్లము నురుగు వచ్చునట్లు గిలకొట్టి, గ్రుడ్లు ఒక్కొక్కటిగా చేర్చి, పిండ్లు, పాలు కలిపి పది నిమిషములు ఉంచవలెను. ఈ పిండి నీటిని మెల్లగా పీల్చును గావున ఆ విరామము ముఖ్యము. 180 డిగ్రీల వేడిమిని 35 నిమిషములు కాల్చిన చాలును. ఓవెను లేనివారు దళసరి గిన్నెలో ఇసుక పోసి వేడిచేసి అందులో కాల్చుకొనవచ్చును. వేడిగా కోసినచో లోపల బంకగా తోచును. పూర్తిగా చల్లారిన పిదపనే కోయవలెను. గ్రుడ్డు తిననివారు ఒక్కొక్క గ్రుడ్డునకు బదులు ఒక చెంచా అవిసెగింజల పొడిని మూడు చెంచాల నీటిలో నానబెట్టి వాడుకొనవచ్చును.

కేకు కుదిరినట్లు బేకరీ రొట్టె కుదరదు. ఈస్టుతో పొంగు ఆ రొట్టెకు గ్లూటెన్ సాగుడే ప్రాణము. ఈ పిండి యొక్కటే దానిని మోయలేదు. బ్రెజిలువారు మాత్రము కర్రపెండలపు స్టార్చిలో మరిగిన పాలు పోసి, జున్ను, గ్రుడ్లు కలిపి, ఈస్టు లేకయే గుల్లగా పొంగు చిన్న రొట్టెలు కాల్చుదురు. అవి గోధుమరొట్టెకు నకళ్ళు కావు, వానికి వానిదే రుచి. మనమును ఆ మార్గమునే పోవలెను. గోధుమవంటి రుచి రాలేదని దుంపను నిందించుట, వీణవలె మ్రోగలేదని మృదంగమును నిందించుటవంటిది.

ఇంకొక లోపమును ఒప్పుకొనవలెను. గోధుమపిండిలో నూటికి పది పాళ్ళకు పైగా మాంసకృత్తులుండగా, కర్రపెండలపు పిండిలో రెండు పాళ్ళైనను ఉండవు. ఇది శక్తినిచ్చును గాని కండ పెంచదు. కావున దీనినే మూడు పూటలు పెట్టుట పొరపాటు. దీనికి పప్పు, గ్రుడ్డు, పెరుగు, వేరుసెనగ తోడు చేయవలెను. రాగి, జొన్న, సజ్జ, కొఱ్ఱ, బియ్యము వీనియందును గ్లూటెన్ లేదు. వందగ్రాముల రాగిలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియము కలదు. రాగిసంకటి తిని పెరిగిన హొసూరు, కృష్ణగిరి ప్రాంతపు తెలుగు కుటుంబములకు ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. నిత్యభోజనము రాగిది, బియ్యముది. కర్రపెండలము చేయవలసినది మైదా ఆక్రమించిన చోట, అనగా రొట్టెలో, బిస్కత్తులో, కేకులో నిలుచుట. నా అభిప్రాయపు సారమిదియే. అందరి పళ్ళెములోనుండి గోధుమను తొలగింపుడని నేను కోరను. గోధుమ తినరాని వాని పళ్ళెము ఖాళీగా ఉండరాదని మాత్రమే కోరుదును.

పిండి మార్చినంత మాత్రమున పని ముగియదు. గోధుమ దాగియుండు చోట్లు పెక్కు. అంగడిలో దొరకు కూటు ఇంగువలో తరచుగా మైదా కలిసియుండును. ఆ ఇంగువ వేసిన సాంబారు ఆ బిడ్డకు పనికిరాదు. ఉప్మా రవ్వ, సేమ్యా గోధుమవే. మాల్టు పానీయములు బార్లీవి. గోధుమ విసరిన మరలోనే రాగి విసరించినచో రాగిపిండిలో గోధుమ చేరును. మర బాగుగా తుడిచిన పిదప గాని, ఇంటి యంత్రమున గాని విసరుకొనవలెను. పూరీలు వేయించిన నూనెలో అప్పడములు వేయింపరాదు. కొనునపుడు పొట్లముపై గ్లూటెన్ లేదను వ్రాతను చూడవలెను. మన దేశపు నిబంధన ప్రకారము కిలోకు 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ ఉన్నచో అట్లు వ్రాయరాదు. విద్యార్థులారా, తల్లికి చదువ రానిచోట ఆ చిన్న అక్షరములను మీరు చదివి చెప్పుడు. మీ చదువునకు ఇంతకంటె సార్థకమైన ఉపయోగము ఇంటిలో మరియొకటి కనబడదు.

కడపట పాఠశాల మాట. తరగతిలో పుట్టినరోజు జరుగును, కేకు పంచుదురు. వార్షికోత్సవమున సమోసాలు, బిస్కత్తులు పంచుదురు. గోధుమ పడని బాలుడు చేయి చాపి వెనుకకు తీసికొనును, లేదా సిగ్గుపడి తిని రాత్రియంతయు బాధపడును. తోటివారు కారణమడుగుదురు, చెప్పుకొనుటకు వానికి నోరు రాదు. రోగమువలన కలుగు బాధకంటె పంక్తిలో వేరుపడిన బాధ వానికి ఎక్కువ. ఇతరుల నడుమ అల్పసంఖ్యాకులుగా జీవించుట ఎట్టిదో మన తెలుగు కుటుంబములకు తెలియనిది కాదు. పదిమంది మాటాడు మాట మన మాట కానప్పుడు, మనకొరకు ఒక్క తరగతి, ఒక్క పుస్తకము ఉండవలెనని మనము కోరుచున్నాము. అదే న్యాయము పంక్తిలోని ఆ యొక్క బాలునికిని చెల్లవలెను.

కావున పాఠశాలలో జరుగు ప్రతి విందునందును గోధుమ లేని పదార్థమొకటి, వేరు పాత్రలో వండి, వేరు గరిటెతో, అందరికిని వడ్డింపవలెనని నా ప్రతిపాదన. ఆ బాలునికి మాత్రమే వేరుగా తెచ్చి పెట్టినచో అది మరల వానిని వేరు చేసినట్లగును. కర్రపెండలపు రొట్టె గాని, బెల్లపు కేకు గాని అందరును తినవచ్చును; ఖర్చు పెద్దది కాదు, సరకు మన పొలములదే. తల్లులు ఒక ఆదివారము కలిసి పిండి చేసినచో పండుగకు సరిపోవును. ఇందుకు కావలసినవి ఒక తురుముపీట, మంచి యెండ, కొంచెము శ్రద్ధ. మూడును మన ఊరిలో కలవు.